అక్క గోడ మీది కాగితాలు

మా మండలంలో ధర్నా ఎన్ని గంటలకో తెలుసుకోవాలంటే నాయకులను అడిగి లాభం లేదు. యూట్యూబరు బండి ఎక్కడిదాకా వచ్చిందో కనుక్కోవాలి. ఆయన వైరాలో టీ తాగుతున్నాడంటే మన ఆడవాళ్లు ఇంకో గంట ఎండలో కూర్చోవాలన్నమాట. అంతదాకా జెండాలు చుట్టే ఉంటాయి. నాయకులు గొంతు సవరించుకుంటారే తప్ప ఒక్క నినాదమూ బయటికి రాదు. కెమెరా లేనప్పుడు అరిస్తే అది ఉత్త అరుపు, ఉద్యమం కిందికి రాదు.

ఈ మహానుభావుడు అంతకుముందు పెళ్లిళ్ల వీడియోలు తీసేవాడు. ఆ అలవాటు ఎక్కడికీ పోలేదు. మా ఊరి క్వారీ రోడ్డు మీద టిప్పర్లకు అడ్డంగా కూర్చున్న ఆడవాళ్లను పీటల మీద పెళ్లికూతుళ్లను సర్దినట్టు సర్దాడు. "అమ్మా, జరంత ఇటు తిరుగుండ్రి. పెద్దమ్మా, పిడికిలి ఇంకా పైకి. ఆ నవ్వేటామెను ఎనకకు పంపుండ్రి." నినాదాలు మూడుసార్లు ఇప్పించుకున్నాడు. మొదటి రెండుసార్లూ గాలి శబ్దం వచ్చిందట. తాళి కట్టడం, తలంబ్రాలు పోయడం మాత్రం మిగిలాయి.

పత్రికల వాళ్లు ఈయనకంటే గొప్పవాళ్లని నేననను. క్వారీ బ్లాస్టింగుకు మా ఇళ్లు బీటలు వారుతున్నాయని ఏడాదిగా మొత్తుకుంటే జిల్లా పేజీలో అడుగున నాలుగు లైన్లు వేశారు, అందులోనూ ఊరి పేరు తప్పు. యూట్యూబులో వీడియో పడితే మాత్రం రెండో రోజుకల్లా తహసీల్దారు ఆఫీసులో ఫోన్లు మోగుతాయి. అది నిజం, నాకు ఒళ్లు మండినా నిజమే. అందుకే ఊరంతా ఆయన రాక కోసం ఎదురుచూసింది. ఊరితో పాటు నేనూ చూశాను.

క్వారీకి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది మా అక్క ఇల్లు. దాని వెనక నుంచే అడవి మొదలవుతుంది. బావ పోయాక మిరప కూలికి పోయి కట్టుకున్న రెండు గదులు. ఆ ఇంటి గోడలు బ్లాస్టింగు వల్లే పగిలాయని అధికారులు రాస్తే, మా వీధి వైపు పేలుళ్లు ఆపేస్తారు. రాయకపోతే ఏదో ఒక వానకు ఆ గోడ ఆమె మీదే పడుతుంది. అక్కకు వేరే ఇల్లు లేదు, మా ఇంటికి రమ్మంటే రాదు.

నేను సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరయిన వాణ్ణి. పగులు పెరుగుతోందని చెబితే ఎవరూ నమ్మరు, చూపించాలి అని ఆమెకు ఒక ఉపాయం నేనే చెప్పాను. మైదాపిండి ఉడికించి, నోటుబుక్కు కాగితం పట్టీలుగా కత్తిరించి, పగులుకు అడ్డంగా అంటించి, మీద తేదీ వేయమన్నాను. గోడ కదిలితే కాగితం చిరుగుతుంది. చిరిగినదాన్ని తీయకుండా, పక్కనే కొత్తది అంటించి ఆ రోజు తేదీ వేయాలి. అక్కకు చదువు రాదు. క్యాలెండరు ముందు నిలబడి, అంకెలను ముగ్గు చూసి వేసినట్టు చూసి వేసేది. మిరప కోతకు పోయి వచ్చిన రోజున కూడా, బ్లాస్టింగు జరిగిందంటే ముందు గోడ దగ్గరికే పోయేది. ఎనిమిది నెలల్లో గోడంతా కాగితాలే అయింది. అన్నీ చిరిగినవే. నేను తెల్లచొక్కా వేసుకుని ఎన్ని అర్జీలు రాసినా ఆ గోడకు సాటి రావు.

రోడ్డు మీద పెళ్లి ముగిశాక యూట్యూబరుకు ఒక 'బాధిత ఇల్లు' కావాల్సి వచ్చింది. నేనే ముందుండి అక్క ఇంటికి తీసుకుపోయాను. ఆయన గోడ చూసి ముఖం చిట్లించాడు.

"ఏంది సార్ ఇది, గోడకు గిన్ని పట్టీలు?"

నేను పాఠం మొదలుపెట్టాను. ఆయన ఫోనులో ఏదో చూసుకుంటూ అర నిమిషం విన్నాడు.

"సార్, ఇదంత చెప్తే జనం స్కిప్ చేస్తరు. పగులు కనపడాలె. ఇవి తీసేద్దాం. జల్దీ, ఎండ పోతది."

"వద్దు తమ్మీ, ఉండనియ్," అంది అక్క, నా వైపే చూస్తూ.

అప్పటికే నా కాలరుకు మైకు పెట్టి ఉంది. 'విశ్రాంత ఉపాధ్యాయులు' అని పేరు కింద వేస్తానన్నాడు. బకెట్టుతో నీళ్లు తెచ్చింది నేనే. తడిగుడ్డ పెట్టి కాగితాలు నానబెట్టి గీకిందీ నేనే. ఎనిమిది నెలల పని పావుగంటలో నేల మీద ముద్దయింది. అక్క వంగి కొన్నింటిని ఏరుకుంది కానీ సిరా అంతా కారిపోయింది. ఇంత తెలివితక్కువ పని నా దగ్గర లెక్కల్లో సున్నా తెచ్చుకున్నవాడు కూడా చేయడు.

తర్వాత నేను ఖాళీ గోడకు వేలు చూపించి, "ఈ పగుళ్లే సాక్ష్యం!" అని గర్జించాను. వీడియోకు 'కన్నీళ్లు పెట్టుకున్న పంతులు' అని పేరు పెట్టాడు. అది చెమట. సత్తుపల్లి నుంచి, బోనకల్ నుంచి చుట్టాలు ఫోన్లు చేసి పొగిడారు. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ రెండు రోజులు నాకు బాగానే ఉంది.

మూడో రోజు తహసీల్దారు ఒక ఇంజనీరును వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ల వెనకే యూట్యూబరు, ఈసారి లైవు. ఇంజనీరు మంచివాడే. పగులులో మేకు పెట్టి చూశాడు, బయటికి పోయి పునాది చూశాడు, మళ్లీ లోపలికి వచ్చాడు.

"పగులైతే ఉందమ్మా. పునాది దిగినా గిట్లనే పడ్తది. బ్లాస్టింగుతోటి పెరిగిందని ఎట్ల రాయాలె? కొంతమంది కాగితాలు అంటిస్తరు, తేదీలు ఏస్తరు. గట్లాంటిదేమన్న చేసిండ్రా?" అని గోడ మీద వేలు పెట్టి ఆగాడు. "ఈ జిగురు మరకలేంది?"

యూట్యూబరు కెమెరాను మెల్లగా నా మీదికి తిప్పాడు. ఆ పని చేయించిన మనిషి ముఖంలో రవ్వంత మార్పు లేదు. నేను నోరు తెరిచాను. కెమెరా మీద ఎర్రచుక్క వెలుగుతోంది, చుట్టాలందరూ చూస్తూ ఉంటారనిపించింది.

"అవ్ సారూ, కాగితాలు అంటించినం," అంది అక్క. "సున్నం ఏద్దామని నేనే పీకేసిన. చదువు రానిదాన్ని, తెల్వలే."

"అయ్యో, ఉంచితే బాగుండేదమ్మా," అని ఇంజనీరు నిజంగానే బాధపడ్డాడు. పాత పగుళ్లు, కారణం తేలలేదు అని రాసుకున్నాడు. అక్క వేలిముద్ర వేసింది. ముప్పై ఏళ్లు పిల్లలను నిజం చెప్పమని బెత్తం పట్టుకుని నిలబెట్టిన నేను, ఆమె పక్కనే నిలబడి ఆ కాగితం మీద సాక్షి సంతకం పెట్టాను.