అత్తయ్య నిలబడే పక్క

మొన్న మా అమ్మాయి తన కంప్యూటర్ మానిటర్ని నిలువుగా తిప్పి పెట్టుకుంది. ఆఫీసు కాగితాలు చదవడానికి అలా అయితే వీలుగా ఉంటుందట. నేను కాఫీ గ్లాసు పట్టుకుని ముందు కుడి పక్కన నిలబడి చూశాను, తర్వాత ఎడమ పక్కకి వెళ్ళి చూశాను. "ఏంటి నాన్నా, బేరానికొచ్చినవాళ్ళలా అటూ ఇటూ తిరుగుతున్నారు?" అంది. ఏలూరులో మా మావయ్యగారి వరండా గుర్తొచ్చిందంటే ఆ పిల్లకి ఒక పట్టాన అర్థం కాదు.

మావయ్య ఆ ఊరి పవర్‌పేటలో చాలా ఏళ్ళు వీడియో గేముల షాపు నడిపారు. వీధికో నెట్ సెంటర్ వచ్చాక దాన్ని మూసేసి, కలిదిండి వైపు చేపల చెరువుల్లోకి దిగారు. బీరువా అంతేసి గేము పెట్టెలన్నీ ఎవరెవరికో ఇచ్చేసి, ఒక్కటి మాత్రం ఇంటికి తెచ్చి వరండాలో పెట్టుకున్నారు. అది విమానాల ఆట. విమానం కింద నుంచి పైకి ఎగురుతూ పోవాలి గనక, లోపలి టీవీని పక్కకి తిప్పి తెర నిలువుగా ఉండేలా బిగించారు. దాని ముందు ఇద్దరు పక్కపక్కనే నిలబడి ఆడాలి. కుడి పక్క మావయ్య, ఎడమ పక్క మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పే అత్తయ్య. ఆయన చెరువుల నుంచి రాగానే రోజూ ఒక్క ఆట, ఓడినవాళ్ళు టీ పెట్టాలి. షాపు ఉన్న రోజుల్లో దాని గుమ్మం తొక్కని అత్తయ్య, రెండు నెలలు తిరక్కుండా మావయ్య చేత వరసగా టీ పెట్టించడం మొదలుపెట్టారు. ఆ టీ నేనూ తాగాను. పంచదార తప్ప ఇంకేమీ తెలిసేది కాదు. వాళ్ళు వెళ్ళే చర్చిలో మగవాళ్ళొక వైపు, ఆడవాళ్ళొక వైపు కూర్చుంటారు, పెళ్ళిళ్ళలోనూ అంతే. ఆ దంపతులు రోజు మొత్తంలో పక్కపక్కన నిలబడేది ఆ పది నిమిషాలే.

ఓ వానాకాలం పిక్చర్ ట్యూబు మసకబారడం మొదలైంది. మొదట వరండా లైటు ఆర్పి ఆడారు, తర్వాత వరండాకి అడ్డంగా దుప్పటి కట్టి ఆడారు, చివరికి చప్పుళ్ళని బట్టి ఆడారు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన పాత మెకానిక్ వెనక తలుపు తీసి చూసి, "ఈ ట్యూబులు ఇప్పుడు రావట్లేదండీ, పాత ఇనుముకి వేసేసుకోండి" అన్నాడు. మావయ్య రెండు రోజులు చెరువుల వైపు కూడా వెళ్ళలేదు. అప్పట్లో నేను ఒక కంప్యూటర్ సెంటర్లో పాఠాలు చెప్పేవాణ్ణి. పల్చటి మానిటర్లు అప్పుడప్పుడే దిగుతున్నాయి. "అదెంత పని మావయ్యా, నేను చేస్తాను" అన్నాను, మహా తెలిసినవాడిలా. పాత ఆట బొమ్మ కొత్త మానిటర్లో వచ్చేలా చేసే ఓ చిన్న బోర్డు హైదరాబాదు నుంచి తెప్పించి, ట్యూబు తీయించి, మానిటర్ని నిలువుగా చెక్కకి బిగించాను. వెనకాల బోలెడు ఖాళీ మిగిలితే, ఉల్లిపాయల బుట్ట పెట్టుకోవచ్చా అని అత్తయ్య అడిగారు. పాస్టరుగారు ప్రార్థన చేసి స్విచ్ వేశారు. బొమ్మ ధగధగలాడుతూ వచ్చింది. మావయ్య నా భుజం మీద వేసిన చెయ్యి చాలాసేపు తీయలేదు.

నెల తర్వాత వెళ్తే, మావయ్య రోజూ గెలుస్తున్నారు. "టీచరుగారికి చత్వారం వచ్చిందిరా" అని ఒకటే వేళాకోళం. ఆట అయ్యాక అత్తయ్య టీ పెట్టడానికి లోపలికెళ్తే, నేను ఊరికే ఆవిడ చోట నిలబడ్డాను. అక్కణ్ణుంచి తెర నల్లగా ఉంది, ఏది విమానమో ఏది మబ్బో తెలియలేదు. ఆ రోజుల్లో పల్చటి మానిటర్లు కింద నుంచి చూస్తే చీకటిగా కనబడేవి. నిలువుగా తిప్పితే ఆ కింద వైపు కాస్తా ఎడమ పక్కకి వచ్చేస్తుందని, పది మందికి పాఠాలు చెప్పే నాకు తట్టలేదు. సిగ్గేసింది. వంటింట్లోకి వెళ్ళి, "అత్తయ్యా, మీకు అక్కణ్ణుంచి ఏమీ కనబడట్లేదు కదూ?" అన్నాను.

"మెల్లిగా నాన్నా. ఆయన ఎంత సంబరంగా ఉన్నారో చూశావుగా. బాలేదంటే ఆ పెట్టె తీసేస్తారు. ఓడితే ఏమైందిప్పుడు, పక్కన నిలబడుతున్నానుగా" అన్నారు టీ వడగడుతూ.

నా నోట్లో మాట దాగదు. వెళ్ళేటప్పుడు గేటు దగ్గర మావయ్యకి చెప్పేశాను. ఆయన వెనక్కి తిరిగి వరండాలోని పెట్టె వైపు చూశారు. తర్వాత, "తలకిందులుగా తిప్పితే ఆ చీకటి నా వైపుకి వస్తుందా?" అని అడిగారు. వస్తుందన్నాను. అప్పుడు తలకిందులయ్యే బొమ్మని సరిచేయడానికి పెట్టె లోపలి ఆట బోర్డు మీదే స్విచ్ ఉంది. "అయితే రేపు ఆవిడ స్కూలుకెళ్ళాక ఓసారి రా" అన్నారు.

మర్నాడు వెళ్ళి మానిటర్ని తలకిందులుగా తిప్పి బిగించాను. ఆ సాయంత్రం నుంచి మళ్ళీ మావయ్య పంచదార టీ మొదలైంది. తన వైపు వెలుగొచ్చిందంటే ఆయన వైపు ఏమై ఉంటుందో లెక్కల టీచరుకి ఒకరు చెప్పాలా? మూడు రోజులు ఏమీ ఎరగనట్టు ఆ టీ తాగారట. నాలుగో రోజు నేను అక్కడే ఉన్నాను. ఆట మొదలయ్యే ముందు అత్తయ్య ఆయన మోచేతిని మెల్లగా నెట్టి, "ఏవండీ, కాస్త ఇటు జరగండి. ఈ వారం నేను అటు నిలబడతాను" అన్నారు. మావయ్య ఎడమ పక్కకి జరిగారు. ఆ మీదట ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే నిలబడే పక్కలు మార్చుకునేవారు. ఇంకా మంచి మానిటర్లు వచ్చాయి, మార్చేస్తానని రెండుసార్లు అన్నాను. "దీనికేమైందిరా, బాగానే ఉందిగా" అన్నారు ఇద్దరూ.

మా అమ్మాయి మానిటర్ ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంది, చీకటి పక్క అంటూ లేదు. కాలం తెరల్ని అంత బాగుచేసింది. నాకు మాత్రం ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎటు నుంచి చూసినా వెలుగ్గా కనబడేవి, ఆ ఇద్దరూ చీకటి పక్కని వారానికొకరు పంచుకుని నిలబడిన ఆ పది నిమిషాలే.