నా శాలువ ఫొటో

ఈ రోజు బీదర్‌ల మా కేథలిక్ యూనివర్సిటీల కొత్తగ పీహెచ్‌డీ వచ్చిన సార్లకు సన్మానం చేసిన్రు. క్యాంపస్ వార్తలు రాసేది, ఫొటోలు తీసేది నేనే. ఇదివరకు తీసే సారు హైదరాబాద్‌ల నౌకరి దొరికి పోయిండు. మా యూనివర్సిటీ పెద్ద ఫాదర్ ఏడుగురికి శాలువ కప్పుతుంటే తీసిన. ఎనిమిదో పేరు నాది. కెమెరా మెడల ఏసుకునే పోయి కప్పించుకున్న.

అందరు పోయినంక హాలు ఊడ్వనీకి వచ్చిన మార్తమ్మక్క, "సార్, మీ ఫొటో ఏది?" అన్నది.

"తీసేటోళ్లు లేకుండె అక్కా."

"ఫోను ఇయ్యిండ్రి, నేను తీస్త. శాలువ మల్ల కప్పుకోండ్రి."

శాలువ నిండుగ వచ్చింది, నా మొఖం సగమే వచ్చింది. ఇంటికొచ్చినంక ఎవలికి పంపాల్నో సమజ్ కాలే, అందుకే ఈడ పోస్ట్ పెట్టిన.

రేపటి క్యాంపస్ వార్తల్ల నా పేరు కింద "హార్దిక అభినందనలు" అని నేనే రాసుకున్న. మీరు ఇంకేమన్న చెప్పుండ్రి.