అల్లుడుగారు లోపల ఉన్నారు

ప్రొఫెసరుగారికి ఉన్నది ఒకే ఒక్క వింత అలవాటు. మగ ఎలుకను ఆయన ఏనాడూ ఎలుక అనరు. "అల్లుడుగారు" అంటారు. తెల్లకోటు బొత్తాలన్నీ పెట్టుకుని, బోనుల గది ముందు నిలబడి, గట్టిగా ఒకసారి దగ్గి, ఆ తర్వాతే లోపలికి అడుగుపెడతారు. "బాగున్నారా అల్లుడుగారూ? నిద్ర పట్టిందా?" అని ఒక్కొక్క బోను ముందూ వంగి అడుగుతారు. ఆడ ఎలుకలన్నీ ఆయనకు అమ్మాయిలే. సొంతానికి పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. అయినా విభాగంలో అందరికీ ఆయన మామగారు, ఆయన చెవిన పడనంతవరకూ.

ఆయన దగ్గర పరిశోధనకు చేరిన శిష్యుడు మొదటిరోజే కొయ్యబారిపోయాడు.

"ఒరేయ్! అల్లుడుగార్ని తోక పట్టుకుని ఎత్తుతావేంట్రా?"

శిష్యుడు బెదిరిపోయి నాలుగువైపులా చూశాడు. ఏ అల్లుడూ కనపడలేదు. చేతిలో ఎలుక మాత్రం వేలాడుతోంది.

"ఎ... ఎవరు సార్?"

"నీ చేతిలో ఉన్నాయన! కింద అరచెయ్యి పెట్టు. ఆఁ, అలా. ఏమీ అనుకోకండి అల్లుడుగారూ, కొత్తవాడు."

నిద్రను తరిమేసి ఒంట్లో హుషారు పుట్టించే మందులు మగ జంతువుల హార్మోన్లను ఏం చేస్తాయి, జతకట్టే తీరును ఎలా మారుస్తాయి అన్నది వాళ్ళ పరిశోధన. కొందరు అల్లుళ్ళకు రోజూ మందు. కొందరికి వట్టి ఉప్పునీళ్ళ సూది. ఇంకొందరికి కొన్నాళ్ళు మందిచ్చి ఆపేస్తారు. ఎలుకలు మేలుకునేది చీకట్లో కాబట్టి, పట్టపగలు గదిని చీకటి చేసి ఎర్రబల్బు వెలిగిస్తారు. అద్దాల పెట్టెలోకి ముందు అల్లుడు, కాసేపటికి అమ్మాయి. ఏం జరిగిందో చూసి రాయడం శిష్యుడి పని. ఆ కాసేపూ మామగారు గోడవైపు తిరిగి నిలబడేవారు.

"ఏమయిందిరా?"

"ఏమీ కాలేదు సార్. గుండ్రంగా తిరుగుతున్నాడు."

"తిరుగుతున్నారు."

"తిరుగుతున్నారు సార్. పళ్ళు కొరుకుతున్నారు. ఇప్పుడు నీళ్ళసీసా మూతి వాసన చూస్తున్నారు."

"మరి అమ్మాయి?"

"మూల కూర్చుని మొహం తుడుచుకుంటోంది సార్."

"ఎంత ఘోరం!" అని మామగారు గోడకే చెప్పుకునేవారు. "వచ్చిన పిల్లని వదిలేసి సీసాతో కాపురమా?"

ఒకసారి పరిశోధనకు నిధులిచ్చే సంస్థ నుంచి ఒక పెద్దావిడ తనిఖీకి వచ్చింది. మామగారు తలుపుకు అడ్డంగా నిలబడి పెదవుల మీద వేలు పెట్టారు.

"నెమ్మదిగా మాట్లాడండమ్మా. అల్లుడుగారు లోపల ఉన్నారు."

పాపం ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని వరండాలో చాలాసేపు నిలబడింది. చివరికి లోపలికి రానిచ్చాక అటూ ఇటూ చూసి, "మీ అల్లుడుగారు వెళ్ళిపోయారా?" అని అడిగింది.

"ఇరుగో" అని మామగారు అరచెయ్యి చాపారు.

ఆవిడ పెట్టిన కేకకు పై అంతస్తువాళ్ళు నిప్పంటుకుందనుకుని మెట్లు దిగొచ్చారు.

ఇదంతా ఇంట్లో చెప్పి భార్యను నవ్వించేవాడు శిష్యుడు. పెళ్ళయి ఇంకా ఏడాది తిరగలేదు. అంతలో థీసిస్ గడువు ముంచుకొచ్చింది. మందుల షాపులో పనిచేసే స్నేహితుణ్ణి పట్టుకుని, నిద్ర రాకుండా చేసే మాత్రలు తెచ్చుకున్నాడు. మొదట్లో బ్రహ్మాండంగా ఉంది. రాను రాను ఇల్లు గుర్తు రావడం మానేసింది. వెళ్ళినా, భార్య పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేస్తే పుస్తకాల అలమర సర్దడానికి లేచిపోయేవాడు. ఎందుకలా అయిందో అతనికే తెలియదు. తెలిసినా అది ఒకరితో చెప్పుకునే సంగతా?

చివరికి ఆమె బట్టలపెట్టె దింపింది. "నేనంటే నీకు ఇష్టం లేదని అర్థమయింది. ఆ మాటేదో నోటితో చెప్తే సరిపోయేదిగా? ఆదివారం మా అక్క వాళ్ళింటికి వెళ్ళిపోతున్నా."

మర్నాడు ఎర్రబల్బు వెలుగులో మామగారు ఒక పెట్టె ముందు నిలబడి ఎవరినో దులిపేస్తున్నారు. కొద్దిరోజులుగా ఇదే వరస.

"సిగ్గుండాలండీ అల్లుడుగారూ! తిండి లేదు, నిద్ర లేదు. అమ్మాయి భోజనం డబ్బా పట్టుకుని గుమ్మం దాకా వస్తే, తలెత్తి చూడకుండా పెన్సిల్ చెక్కుకుంటారా? చెక్కిందే చెక్కి చెక్కి, వేలెడు కూడా మిగల్చకుండా!"

శిష్యుడు నవ్వబోయి ఆగాడు. ఎలుకకు పెన్సిలెక్కడిది? వంగి పెట్టెలోకి చూశాడు. అల్లుడు హాయిగా పడుకుని ఉన్నాడు. అమ్మాయి అతని మీద తల ఆనించి నిద్రపోతోంది.

"సార్... వీరు ఉప్పునీళ్ళ జట్టు. వీరికి మందే ఇవ్వలేదు."

"తెలుసు."

"వీళ్ళిద్దరూ బాగానే ఉన్నారు."

"నాకూ కళ్ళున్నాయిరా."

"మరి ఎవర్ని తిడుతున్నారు?"

మామగారు గోడవైపు తిరిగారు.

"ఈ గదిలో పళ్ళు కొరుకుతూ తిరిగేవాళ్ళు ఇంకెవరున్నారో నువ్వే చూసి రాయి."

శిష్యుడి దవడ టక్కున ఆగిపోయింది. అది అప్పటిదాకా ఆడుతూనే ఉందని ఆగాకగాని అతనికి తెలియలేదు. తను బల్లకు ఇటువైపు ఎప్పుడొచ్చాడో కూడా గుర్తులేదు. పొద్దుటి నుంచీ దాని చుట్టూ తిరుగుతున్నట్టున్నాడు. 

"నాతో... నేరుగా చెప్పొచ్చు కదా సార్?"

"ఇలాంటి మాట మొహం మీద చెప్తే మళ్ళీ నా మొహం చూసేవాడివా? అల్లుడుగారయితే పడతారు. ఓపిక గలవారు." మామగారు గొంతు సవరించుకున్నారు. "మందు ఆపేసిన అల్లుళ్ళు ఏమయ్యారు?"

"హార్మోను మెల్లగా పుంజుకుంది సార్. అమ్మాయిల వైపు చూస్తున్నారు."

"అందరూనా?"

"ఒకాయన తప్ప."

"ఆయన ముసలాయన. మీకేమయింది?"

మీకు! ఆ మాటకు శిష్యుడు, తిట్లన్నిటికంటే ఎక్కువగా, అదిరిపడ్డాడు.

"సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్దాం, నేనూ వస్తాను. ముందు ఇంటికెళ్ళి, తప్పు ఆ పిల్లది కాదని చెప్పండి."

"ఎలా చెప్పను సార్? సిగ్గేస్తోంది."

"గోడవైపు తిరిగి చెప్పండి. నాకెప్పుడూ అలాగే వస్తుంది."

ఇంటికెళ్ళి భార్యకు అతను గోడవైపు తిరిగే చెప్పాడు. 

"అంటే, ఇన్నాళ్ళూ నా సవతి ఒక మాత్రా?" అంది ఆమె, నోరు తెరిచి. తర్వాత మొగుడి జేబులు రెండూ తిరగేసి దులిపింది. ఆదివారానికి బట్టలపెట్టె మళ్ళీ అలమర మీదికెక్కింది.

కోలుకోవడానికి అతనికి కొన్ని నెలలు పట్టింది. ఒక మధ్యాహ్నం ఆమె డబ్బా పట్టుకుని వచ్చింది. బోనుల గది పక్కనున్న చిన్నగదిలో ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తింటూ, దేనికో నవ్వుకుంటున్నారు. వరండాలో అడుగుల చప్పుడు. నిధుల సంస్థ పెద్దావిడ గొంతు. ఆ వెంటనే తలుపవతల ఒక గట్టి దగ్గు.

"నెమ్మదిగా మాట్లాడండమ్మా. అల్లుడుగారు లోపల ఉన్నారు."

"అయ్యబాబోయ్! వద్దులెండి, నేను రేపొస్తా!"

చెప్పుల చప్పుడు మెట్లవైపు పరుగెత్తింది.