రిమోట్ నోరు నొక్కిన నా కొడుకు

నా మనవరాలు ఒక్కొక్క మర బిగించి తయారుచేసుకున్న కారును నా కొడుకు ఒక్క సాయంత్రంలో కాల్చేశాడు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

చాటంత కారు. దాన్ని నడిపే రిమోట్‌కు చిన్న తెర ఉంది. మన మాట కారుకు పోవడమే కాదు, కారు సంగతులు కూడా తిరిగి ఆ తెర మీదికి వస్తాయి. బ్యాటరీలో ఎంత మిగిలింది, మోటారు ఎంత కాగింది, అన్నీ అంకెల్లో. హద్దు దాటితే కీచుమని అరుస్తుంది. మనవరాలు ఒకసారి చెప్పగానే నాకు అర్థమైంది. చదివింది మూడో తరగతే కానీ, బంగారుపాళ్యం పక్కన మా మామిడితోటలో బోరు స్టార్టరు పెట్టె మీద ముల్లు చూసి కరెంటు చాలుతుందో లేదో చెప్పడం కాపురానికి వచ్చినప్పటి నుంచి నా పనే.

నా కొడుక్కి ఆ ముల్లంటే లెక్కలేదు. కరెంటు తక్కువై మోటారు ఆగిపోతే, పచ్చ బటన్ నొక్కి, అది తిరిగి లేవకుండా సందులో అగ్గిపుల్ల దూరుస్తాడు. పోయిన ఎండాకాలం అలాగే బోరు మోటారు కాలింది. పిందెలన్నీ రాలిపోయాయి. అయినా బుద్ధి రాలేదు.

ఆ శనివారం సాయంత్రం మనవరాలు తలంటుకోవడానికి పోయింది. మరునాడు తిరుపతిలో కార్ల పందెం. ఏడాదిగా దానికోసమే కాచుకుని ఉంది. కాయ బేరానికి వచ్చిన ఇద్దరి ముందు గొప్పలకు పోయి, నా కొడుకు ఆ కారుకు పురికొసతో ఇటుకరాయి కట్టి లాగించాడు. రిమోట్ కీచుమంది.

"రేయ్, ఆపరా. మోటారు కాగిపోతా ఉండాది. ఆ అంకె సూడు."

"ఇదేమన్నా నీ బోరు మోటారా మా? నీకేం తెలుసు?"

"అరస్తా ఉండేది నీకు ఇనపడలేదా?"

"దాని నోరు మూసేది నాకు తెలుసులే" అని ఏదో నొక్కాడు. అరుపు ఆగింది.

"మీ యమ్మ ఇంజినీరా అప్పా?" అన్నాడు వచ్చినవాళ్లలో ఒకడు. ముగ్గురూ నవ్వారు. నా కొడుకు రెండో ఇటుక కట్టాడు. కారు నాలుగడుగులు పోయి పొగ కక్కింది.

మనవరాలు తడిజుట్టుతోనే పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది నాయనా?"

"ఏమో పాపా, అట్ల పట్టుకున్నానో లేదో పొగొచ్చె. సరుకే మంచిది కాదు."

కన్నకూతురితో అబద్ధం! రిమోట్ వాడి చేతిలోంచి లాక్కున్నాను.

"ఎంతదాకా కాగిందో ఇది దాసిపెట్టుకుంటాదని సెప్పినావు గదమ్మా. సూడు."

మనవరాలు తెర చూసింది. "నూటముప్పై డిగ్రీలదాకా పోయిండాది అవ్వా. ఎనభైకే అరస్తాది." తండ్రి వైపు తిరిగింది. "అరుపు ఎవురు ఆపినారు నాయనా?"

నా కొడుకు పురికొస చుట్టుకుంటూ నిలబడ్డాడు. బేరగాళ్లు నవ్వలేదు.

పిల్ల ఏడవలేదు. కూర్చుని కాలిన మోటారు విప్పింది, అంతే. అది చూసి నా కోపం రెండింతలైంది.

ఆదివారం పొద్దున, తండ్రీకూతుళ్లు పందేనికి తిరుపతి బస్సు ఎక్కాల్సిన వేళకు, నేను బోరు దగ్గరికి పోయి స్టార్టరులోని అగ్గిపుల్ల పీకేశాను. ముల్లు కిందనే ఉంది. మోటారు ఆగిపోయింది. కొడుకు పరుగున వచ్చాడు.

"పుల్ల యాడ పెట్టినావు మా? సెట్లు ఎండిపోతాయి!"

"ఎండనీ. ముల్లు పైకి లేసేదాకా ఈడనే కూసోని సూస్తా ఉండు."

మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. నేను సంగటి తీసుకుపోలేదు.