సరంగు మూడుసార్లు చచ్చిన సినిమా

బందరులో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటున్నారు. ఆ రోజు న్యాయనిర్ణేతల వరసలోంచి "వన్స్ మోర్" అని అరిచింది గుడివాడ మేడమేనట. ఆ మేడమ్‌ని నేనే. నేను అరవలేదు. అరవాలనిపించిన మాట నిజమే, ఒప్పుకుంటాను. కానీ అనిపించినవన్నీ అరిచేదాన్నయితే కాలేజీలో ఇరవై నాలుగేళ్ళు నెట్టుకొచ్చేదాన్నా?

మూడేళ్ళ కిందట, కార్తీక మాసంలో, ఆ పని నాకు పడింది. అప్పటికి గుడివాడ డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు లెక్చరరుగా నాది చివరి సంవత్సరం. స్వచ్ఛంద విరమణకు దరఖాస్తు పెట్టి కూర్చున్నాను. బందరులో ఒక సాంస్కృతిక సంస్థవాళ్ళు పొట్టి సినిమాల పోటీ పెట్టి, నాటకాల పాఠం చెప్పే మనిషి కావాలని మా ప్రిన్సిపాల్‌గారికి ఉత్తరం రాశారు. ఆయన క్షణం ఆలోచించకుండా నన్ను 'ఆన్ డ్యూటీ' మీద పంపేశారు. స్టాఫ్ మీటింగుల్లో నా ప్రశ్నల బాధ నాలుగు రోజులు తప్పుతుందని ఆయన ఆశ.

పోటీ దేనిమీదంటే, మా కృష్ణా జిల్లాలో తాతల కాలం నుంచి ఆడుతున్న సరంగు నాటకం మీద. పడవ నడిపే సరంగు వరదలో తన పడవను కాపాడుకోవడానికి వెనక కట్టిన చిన్న పడవ తాడు తెగ్గోస్తాడు. అందులో ఉన్నది సొంత తమ్ముడని తరవాత తెలుస్తుంది. చివరి రంగంలో ఇసుకలో కూలబడి, నాలుగు పద్యాలు పాడి ప్రాణం వదులుతాడు. చూసినవాళ్ళు కొంగులు తడుపుకుంటూ ఇంటికి వెళ్ళాలి. ఆ విషాదాన్ని ఇరవై నిమిషాల్లో సినిమాగా తీయాలి.

నిర్ణేతలం ముగ్గురం. అధ్యక్షులు పేరిశాస్త్రిగారు, విశ్వవిద్యాలయంలో రంగస్థల శాస్త్రం చెప్పి రిటైరైన పెద్దమనిషి. సభ్యుడు ఒకటి కరీముల్లాగారు, సినిమాల్లో కెమెరా పట్టి కళ్ళజోడు దళసరి చేసుకున్నవాడు. సభ్యురాలు రెండు నేను. మార్కులు వందకి. అందులో ముప్ఫై 'మూలానికి విధేయత'కి, అంటే నాటకాన్ని చెడగొట్టకుండా తీసినందుకు. మిగిలినవి నటనకీ, కెమెరాకీ, శబ్దానికీ. మార్కుల పత్రం ఎవరిది వాళ్ళు కవరులో పెట్టి అంటించి కన్వీనరుకి ఇవ్వాలి. కన్వీనరుకి ఓటు లేదు, కవర్లు కాపలా కాయడమే ఆయన ఉద్యోగం.

రెండు నిబంధనలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, మూలంలోని ముగింపు మార్చిన సినిమా పోటీకి పనికిరాదు. రెండు, ప్రదర్శన జరిగేటప్పుడు నిర్ణేతలు నవ్వకూడదు, ఏడవకూడదు, చప్పట్లు కొట్టకూడదు. అలా చేస్తే ఆ సినిమాకి వాళ్ళిచ్చిన మార్కులు రద్దు.

మొదటి వడపోత చల్లపల్లిలో ఒక స్కూలు గదిలో, కిటికీలకి దుప్పట్లు కట్టి. గుడివాడ కుర్రాళ్ళ సినిమాలో డ్రోను సరంగు చుట్టూ ఎంతసేపు తిరిగిందంటే, ఆయన దుఃఖంతో కాదు, కళ్ళు తిరిగి చచ్చాడనిపించింది. పెడనవాళ్ళు వరదకి బదులు నీలం అద్దకం బట్ట పరిచి ఇద్దరి చేత ఊపించారు. అది నాకు నచ్చింది.

ఆఖరున హంసలదీవి దగ్గరి పల్లె నుంచి వచ్చిన సినిమా. తీసింది నాగమణి, చేపల వ్యాపారం చేసే కుటుంబం, ఫోనుతోనే తీసింది. సరంగు వేషం ఆమె మేనమామ వీరాస్వామిది. ముప్ఫై ఏళ్ళుగా ఆ వేషం ఆయనదే. పద్యం ఎత్తుకుంటే గది గోడలు ఒకడుగు వెనక్కి జరిగాయి. నాలుగు పద్యాలూ పాడి, ఇసుకలో ఒరిగి, చచ్చిపోయాడు. నా కళ్ళు తడిశాయి కూడా.

అప్పుడు తెరమీద ఎవరో "వన్స్ మోర్" అన్నారు. సరంగు లేచాడు. పంచెకి అంటిన ఇసుక దులుపుకున్నాడు. మనవైపు తిరిగి దణ్ణం పెట్టి, హార్మోనియం ఆయనకి తల ఊపి, ఆ నాలుగు పద్యాలే మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చాడు. మళ్ళీ "వన్స్ మోర్". ఈసారి లేచి మంచినీళ్ళు అడిగాడు. తాగి, మీసం తుడుచుకుని, మూడోసారి చచ్చాడు.

నేను పెన్ను మూత కొరికి విరగ్గొట్టాను. కరీముల్లాగారు కళ్ళజోడు తీసి తుడుస్తూనే ఉన్నారు. శాస్త్రిగారి కాగితం బల్లకింద పడింది, దాన్ని వెతకడానికి ఆయన వంగి చాలాసేపు పైకి రాలేదు. వచ్చాక ముఖం ఎర్రగా ఉంది. "ఇది పనికిరాదు. చచ్చినవాడు లేచాడు, ముగింపు మారింది" అన్నారు.

నిబంధన ప్రకారం నాగమణిని పిలిచి వివరణ అడిగాం. ఎందుకమ్మా ఇలా తీశావంటే, ఆమె మా ముగ్గురినీ ఎగాదిగా చూసింది.

"ఎలా తీశానండీ? ఆట ఎలా ఆడతామో అలాగే తీశాను. మా ఊళ్ళో సరంగు మూడుసార్లన్నా చావకపోతే ఆట ఆడినట్టే కాదండీ. ఒక్కసారి చచ్చి ఊరుకుంటే, ఏమ్మా, మావయ్యకి ఒంట్లో బాగోలేదా అని ఇంటికొచ్చి అడుగుతారు."

"మూడోసారి దేనికి?" అన్నారు శాస్త్రిగారు.

"రెండోసారి ఇంకా బాగా చచ్చాడు కదండీ."

వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి ఇంకో మాట అంది. గెలిచిన జట్టు చేత బందరు హాల్లో నాటకం వేయిస్తామని సంస్థవాళ్ళు ప్రకటించారు. "మావయ్య దివిసీమ దాటి ఒక్క ఆట ఆడలేదండీ. ఈ ఏడు ఆడకపోతే ఇంక గొంతు నిలవదు. మీరు ఏం చేసినా ఆలోచించి చెయ్యండి."

ఆమె వెళ్ళాక గంటసేపు పోట్లాడాను. ముగింపు మారలేదండీ, అదే ముగింపు మూడుసార్లు ఉంది, అంటే మిగతావాళ్ళకంటే మూడింతల విధేయత అన్నాను. కరీముల్లాగారు నావైపు చెయ్యెత్తారు. ఇద్దరికి ఒకరుగా సినిమా నిలబడింది. శాస్త్రిగారు తన అసమ్మతిని మినిట్స్‌లో రాయించారు.

వడపోతలో నిలిచిన సినిమాల ఆఖరి ప్రదర్శన బందరు హాల్లో, ఆదివారం మధ్యాహ్నం, జనం మధ్య. మొదటి వరసలో మేం ముగ్గురమే. నాగమణి సినిమా అయిపోయింది. తెరమీద సరంగు మూడోసారి చచ్చాడు, పేర్లు పడబోతున్నాయి. అప్పుడు చీకట్లో మా వరసలోంచి, ఆడదో మగదో తేలని గొంతుతో, గట్టిగా, తృప్తిగా, "వన్స్ మోర్."

హాలంతా అందుకుంది. ప్రొజెక్టరు కుర్చీలో ఉన్నాయన వెనక్కి తిప్పబోయి ఎక్కడో నొక్కితే తెర తెల్లబడింది. జనం ఆగడం లేదు. మూడో వరసలోంచి వీరాస్వామి లేచాడు. అలవాటు మరి, పిలిచాక కూర్చోలేడు. ఇస్త్రీ చొక్కాతో నడవలోకి వచ్చి దణ్ణం పెట్టి, హార్మోనియం లేకుండానే నాలుగు పద్యాలూ ఎత్తుకున్నాడు. "మావయ్యా, కొత్త చొక్కా" అని నాగమణి అంటూనే ఉంది, ఆయన నడవలోనే పడి చచ్చాడు. నవ్వుతున్న జనం ఏడుస్తున్నారు, ఏడుస్తున్నవాళ్ళు ఈలలు వేస్తున్నారు.

లోపలి గదిలో మాత్రం నవ్వు లేదు. అరుపు మన వరసలోంచే వచ్చిందన్నారు శాస్త్రిగారు. ఇద్దరూ నావైపే చూశారు. కన్వీనరు అప్పటికే నా కవరు పక్కకి తీశాడు. సరంగు కోసం పోట్లాడిందాన్ని నేనే కాబట్టి అరిచిందీ నేనే, నా మార్కులు రద్దు. అవి పోతే ఆ సినిమా డ్రోను కుర్రాళ్ళ వెనక పడుతుందని అందరి లెక్క.

"నేను అరిస్తే ఈ గదికి తలుపులుండేవి కావు, మా విద్యార్థుల్ని అడగండి" అన్నాను. "ఎవరో తేలకుండా ఒక కవరు రద్దు చేయడానికి లేదు. చేస్తే మూడూ చెయ్యండి. లేదంటే అరిచింది ఫలానా మనిషని రాసి, ముగ్గురం సంతకాలు పెడదాం. ముందు మీరు పెట్టండి శాస్త్రిగారూ."

కరీముల్లాగారు వారం నుంచి తనకి గొంతు పట్టేసిందన్నారు. ఆ గొంతు బాగానే ఉంది. శాస్త్రిగారు గ్లాసెడు మంచినీళ్ళు నెమ్మదిగా తాగారు. "అరుపు ఎవరిదో నిర్ధారణ కాలేదు అని రాయండి" అన్నారు కన్వీనరుతో. "మూడు కవర్లూ తెరవండి."

తెరిచారు. నాగమణి సినిమాకి మొదటి స్థానం వచ్చింది. మూడు కవర్లలో దానికి అందరికంటే తక్కువ మార్కులు వేసినదాన్ని నేను. హార్మోనియం ఆయన చెప్పులు ప్రతి చావులోనూ కనపడుతున్నాయని కెమెరాకి కోత పెట్టాను. మిగిలిన ఇద్దరూ ఏ కోతా పెట్టలేదు. అసమ్మతి రాయించిన శాస్త్రిగారు 'మూలానికి విధేయత'కి ముప్ఫైకి ముప్ఫై వేశారు.

సంక్రాంతికి ముందే బందరు హాల్లో వీరాస్వామి జట్టు నాటకం ఆడింది. ఐదుసార్లు చచ్చాడు.

ఆ పనిలో నేను నేర్చుకున్నది ఇంతే. విధేయతకి మార్కులు వేసేముందు, మూలం పుస్తకంలో ఉందా, ఆట ఆడే చోట ఉందా అని తేల్చుకోవాలి. పుస్తకంలో సరంగు ఒకసారే చస్తాడు. ఆ పుస్తకం చదివినవాళ్ళు మేం ముగ్గురం తప్ప ఆ హాల్లో ఎవరూ లేరు. ఆ తరవాత నేను కూర్చున్న ప్రతి పోటీలోనూ ఆ గడి నింపేముందు ఆటగాళ్ళని పిలిచి మాట్లాడాను.

మిగిలింది ఒక్కటే. వరసలో ముగ్గురం, నేను కాదు. శాస్త్రిగారూ, కరీముల్లాగారూ, నిందేమో మూడేళ్ళుగా నేను మోస్తున్నాను. ఇద్దరిలో అరిచింది ఎవరండీ?