నెమరు కోసం ఎదురుచూసిన ఆదివారం

మేముండే అడాజన్‌లో నన్ను అందరూ కుక్కల డాక్టర్ అనే అంటారు. మా ఆయన బ్యాంకు ఉద్యోగం మమ్మల్ని సూరత్‌కి తెచ్చి ఆరేళ్లయింది. నేను పనిచేసే క్లినిక్‌కి వచ్చేవన్నీ ఫ్లాట్లలో పెరిగే కుక్కలు, అప్పుడప్పుడూ ఒక పిల్లి. సగం కేసులు తిండి తెచ్చిపెట్టిన తంటాలే. నెయ్యి రాసిన రొట్టెలు, ఖమణ్, పండగ మిఠాయిలు ముద్దుగా తినిపించి, మర్నాడు "మేడం, పేట్‌లో ఏదో గడబడ్ అయింది" అంటూ ఎత్తుకొస్తారు. ఒకసారి ఒక లాబ్రడార్ పొట్టలోంచి దాని యజమాని మేజోడు తీశాను.

ఆవులూ మేకలూ మాత్రం కాలేజీతోనే ఆగిపోయాయి. దాచుకోవడం దేనికి, నెమరువేసే జంతువుల నాలుగు గదుల కడుపు నాకు అప్పుడే కొరుకుడు పడలేదు. ప్రాక్టికల్ పరీక్షలో ట్రేలో పెట్టిన రెండో గదిని చూసి మూడోదని గట్టిగా చెప్పాను. మాస్టారు కళ్లజోడు తీసి నన్ను చాలాసేపు చూశారు. ఆ చూపు తర్వాత కుక్కలే నయమనిపించింది.

రెండేళ్ల కిందట, చలికాలంలో ఒక ఆదివారం పొద్దున మా వంటామె ఫోన్ చేసింది. వాళ్లది సిరిసిల్ల వైపు. భర్త సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేస్తాడు. ఊరి చివర కోసాడ్‌లో సర్కారు కట్టించిన క్వార్టర్స్‌లో ఉంటారు.

"డాక్టరమ్మా, జర జల్ది రారాదు! మా మేక పొట్ట ఢోలు లెక్క ఉబ్బింది. ఊపిరి ఆడుతలేదు దానికి."

"ఏం తింది?"

"కిందింటామె ఉంధియు వండుతనని పాపడి తెచ్చి మెట్ల మీద పెట్టింది. ఇది సంచికి సంచి ఖతం చేసింది."

పాపడి అంటే సూరతీ చిక్కుడు. చలికాలంలో ఇక్కడ ఆ చిక్కుడు లేకుండా ఉంధియు కూర వండరు. పచ్చి చిక్కుళ్లు సంచెడు తింటే మేక కడుపులో ఏం జరుగుతుందో పుస్తకంలో చదివిందే గుర్తొచ్చింది, కంటితో ఎప్పుడూ చూడలేదు. సంచిలో రబ్బరు గొట్టం, స్టెతస్కోప్ పడేసుకుని స్కూటర్ తీశాను. పిలవకుండానే మా పదేళ్ల అమ్మాయి వెనకెక్కి కూర్చుంది.

"మమ్మీ, బకరీ ఫట్ జాయేగీ క్యా?" అని దారంతా అడుగుతూనే ఉంది. మేక పొట్ట పగలదని చెప్పాను గానీ నాకే నమ్మకం లేదు.

మెట్ల కింద నల్లమేక నాలుగు కాళ్లూ ఎడంగా పెట్టి నిలబడి ఉంది. నోరు తెరిచి మూలుగుతోంది. చుట్టూ జనం. పైమెట్టు మీద కిందింటి గుజరాతీ ఆవిడ ఖాళీ సంచి ఊపుతూ, "మారీ బధీ పాపడీ ఖాయీ గయీ!" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటోంది. మొత్తం తినేసిందట.

నేను మేక పక్కన కూర్చుని స్టెతస్కోప్ ఎక్కడ పెట్టాలా అని ఒక క్షణం తడబడ్డాను. దాని మెడ పట్టుకుని కూర్చున్న ముసలామె, మా వంటామె అత్తగారు, నా చెయ్యి పట్టుకుని ఎడమ డొక్క మీద పెట్టింది.

"పెద్ద సంచి ఈ దిక్కుంటది బిడ్డా."

వేలితో కొడితే డప్పులా మోగింది. నోట్లోంచి కడుపులోకి గొట్టం వేయాలన్నాను. మేక దాన్ని కొరకకుండా దవడల మధ్య ఏదైనా పెట్టాలి. మా వంటామె నూలు చుట్టే ప్లాస్టిక్ గొట్టం ముక్క ఒకటి తెచ్చింది. అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆ ముసలామె మేక నోరు తెరిచి దాన్ని ఇరికించింది. మా అమ్మాయి వంగి చూసి, "మమ్మీ, పైన ముందుపళ్లే లేవు!" అని అరిచింది.

"ఉండవు బిడ్డా, కింది పండ్లతోనే కోసుకుంటది" అంది పెద్దమ్మ.

గొట్టం ఆ ముక్కలోంచి మెల్లగా దించాను. ఊపిరితిత్తుల్లోకి పోలేదని చూసుకున్నాను. గాలి బుస్సున వస్తుందని మొహం పక్కకి తిప్పుకున్నాను కూడా. గాలి రాలేదు. పచ్చటి నురగ నాలుగు చుక్కలు వచ్చి ఆగిపోయింది.

అప్పుడు వెలిగింది. లోపల ఉన్నది ఉత్త గాలి కాదు, సబ్బునీటిలా బుడగలు కట్టిన నురగ. నూనె పడితేనే ఆ బుడగలు విరుగుతాయి.

"నూనె కావాలి, తొందరగా! తేల్, తేల్!"

మా వంటామె ఇల్లు నాలుగో అంతస్తు. ఆమె రెండు మెట్లు ఎక్కేలోపే గుజరాతీ ఆవిడ మెట్ల పక్కనే ఉన్న తన ఇంట్లోకి పరిగెత్తి వేరుశెనగ నూనె గిన్నె తెచ్చింది. ఉంధియు కోసం కొలిచి పెట్టుకున్న నూనె అది.

"లో బేన్, పాపడీ తో గయీ, బకరీ న జాయ్" అంది. పాపడి ఎలాగూ పోయింది, మేకైనా మిగలనీ అని. ఇంతసేపూ మేకని తిట్టిన మనిషే దాని వీపు నిమరడం మొదలుపెట్టింది.

గొట్టంలో నూనె పోసి, గొట్టం బయటికి లాగి, మేక ముందుకాళ్లు మెట్టు మీద పెట్టించి, డొక్క పిసకడం మొదలుపెట్టాను. ఇక ఎదురుచూడటమే మిగిలింది.

ఆ ఎదురుచూపులో మా అమ్మాయి పెద్దమ్మని ప్రశ్నలతో చంపేసింది. నీకివన్నీ ఎలా తెలుసని అడిగింది.

"మా ఊళ్లె ఎవరింట్ల పెండ్లయినా మేకల బోటి, గదే కడుపు పేగులు, కడిగేది నేనే. పెద్దసంచి లోపల తువ్వాల లెక్క నూగునూగుంటది. దాని పక్కకు చిన్నది, తేనెపట్టు లెక్క గూళ్లు గూళ్లు. మూడోది నీ పుస్తకం లెక్క పొరలు పొరలు. ఏ పొరల ఇసుక ఇరికిందో చూస్కుంట కడుగాలె, నడుము పడిపోతది. ఆఖరుది నున్నగ జారుతది. అసలు కడుపు గదే, మనకున్నసొంటిది."

నేను డొక్క పిసకడం ఆపేసి విన్నాను. మాస్టారు ఒక సంవత్సరం చెప్పింది ఈమె ఒక్క ఊపిరిలో చెప్పేసింది. పొరలు పొరలుగా ఉండేది మూడోది. తేనెపట్టు రెండోది. ఇక చచ్చినా మర్చిపోను.

"మరి కోడికి?" అంది మా అమ్మాయి.

"దానికి పండ్లేవి? కందనకాయల రాళ్లుంటయి. గింజలు ఆ రాళ్లతోటే నూరుకుంటది. కోసినప్పుడు చూడు, ఎంత మంచిగ అరిగి నున్నగుంటయో."

"గుర్రానికి?"

పెద్దమ్మ నా వైపు చూసింది. గుర్రం తనకి తెలియదు. నా వంతు వచ్చినందుకు సంతోషించి, గుర్రానికి కడుపు ఒకటేననీ, గడ్డిని నానబెట్టే సంచి దానికి వెనకాల పెద్దపేగు దగ్గర ఉంటుందనీ, అందుకే నెమరు వేయదనీ చెప్పాను. పెద్దమ్మ వెంటనే అందుకుంది.

"అంటె మేక ముందుగాల నానబెడ్తది, గుర్రం ఎనుకకు నానబెడ్తది. గంతేనా?"

అంతే. అంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

సరిగ్గా అప్పుడే మేక మెడ చాచి, పొట్ట లోతుల్లోంచి ఒక పొడుగాటి త్రేన్పు వదిలింది. ఆ వాసనకి జనమంతా రెండడుగులు వెనక్కి దూకారు. గుజరాతీ ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మరొకటి వచ్చింది. ఇంకొకటి. నా చేతికింద డొక్క మెత్తబడుతోంది. ఎవరో చప్పట్లు కొట్టారు.

"ఇంకా అయిపోలేదు, నెమరు వేస్తేనే కడుపు కుదుటపడినట్టు, అప్పటిదాకా నేను కదలను" అన్నాను.

గంటన్నర పట్టింది. రెండుసార్లు టీ తాగాం. చివరికి మేక ఎండలో కాళ్లు ముడుచుకుని పడుకుంది. దాని గొంతులో ఒక ఉండ కిందనుంచి పైకి జారుతూ వచ్చింది. కింది దవడ పక్కకి కదిలింది. కళ్లు సగం మూసుకుని తీరిగ్గా నమలసాగింది.

గుజరాతీ ఆవిడ నోరు తెరిచి చూసింది.

"మారీ పాపడీ ఫరీ ఖాయ్ ఛే!"

"ఆంటీ పాపడిని రెండోసారి తింటోందట!" అని మా అమ్మాయి తెలుగులో చెప్పేసరికి మా వంటామె నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుంది. గుజరాతీ ఆవిడ కూడా నవ్వేసింది. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు, మేక నుదురు మీద చెయ్యి పెట్టి కళ్లు తుడుచుకుంది. ఆ మేక ఆమె చేతుల మీద పెరిగిందని అప్పుడు తెలిసింది.

తర్వాతి ఆదివారం, తగ్గిందో లేదో చూసి వద్దామని వెళ్తే మెట్ల దగ్గర ఇంకో రెండు మేకలు, మెడ కింది మేత సంచి గట్టిపడిన ఒక కోడి నా కోసం కాచుకుని ఉన్నాయి. అప్పటినుంచి నెలకో ఆదివారం కోసాడ్ వెళ్లడం అలవాటైపోయింది. పెద్దమ్మ నా పక్కన ప్లాస్టిక్ స్టూల్ వేసుకుని కూర్చుంటుంది. ఏ జీవాన్ని ముందు చూడాలో తనే తేలుస్తుంది, డొక్క మీద చెయ్యి వేసి సగం రోగం తనే చెబుతుంది. నాకు తెలియనిది మొహమాటం లేకుండా అడిగి తెలుసుకుంటున్నాను.

మొన్న ఒకాయన పంజరంలో రామచిలకని తెచ్చాడు. రెండు రోజులుగా ఏమీ తినడం లేదట. పెద్దమ్మ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, పంజరం నా ఒళ్లో పెట్టింది.

"దీని బోటి నేనెన్నడు కడుగలే బిడ్డా. ఇది నువ్వే చూడు."