నాలుగు ప్రశ్నల్లో లేని మాత్ర

నవంబరు 9, ఉదయం 10 గంటల 42 నిమిషాలకు బ్లడ్ బ్యాంకులో ఫోను మోగింది. ఎత్తిన టెక్నీషియన్‌ను ఆసుపత్రిలో ఎవరూ పేరుతో పిలవరు. అందరికీ ఆవిడ రెండుసార్లమ్మ. సంచి మీది నంబరు రెండుసార్లు చదువుతుంది, ఫ్రీజరు తలుపు రెండుసార్లు లాగి చూస్తుంది. జీతం కూడా రెండుసార్లు తీసుకుంటుందేమో కనుక్కోండని మొదట్లో వేళాకోళం చేసినవాళ్లు, ఇరవై ఆరేళ్లలో ఒక్క సంచీ తారుమారు కాకపోయేసరికి నోరు మూసుకున్నారు.

ఫోనులో అత్యవసర విభాగం నర్సు.

"అక్కా, పరంజా మీంచి పడ్డాడు. పెయింటరు, అరవై ఒకటి. మార్కు ఒకటే వచ్చింది. ఊరికే చెవిన వేద్దామని."

ఆ విభాగం గోడకు నాలుగు ప్రశ్నల కాగితం అంటించి ఉంటుంది. గాయం లోపలికి గుచ్చుకున్నదా? పై రక్తపోటు తొంభై గాని అంతకు తక్కువ గాని ఉందా? నాడి నిమిషానికి నూట ఇరవై గాని అంతకు ఎక్కువ గాని ఉందా? స్కానులో పొట్టలో రక్తం కనిపించిందా? అవునన్న ప్రతిదానికీ ఒక మార్కు. రెండు వస్తే, ఆ మనిషికి ఒక రోజులో పది సంచుల రక్తమో అంతకు మించో పట్టవచ్చని అంచనా. వెంటనే ఫ్రీజరులో గడ్డకట్టి ఉన్న ప్లాస్మా కరిగించడం మొదలుపెట్టాలి. అందుకు ముప్ఫై నిమిషాలు పడుతుంది. కరిగినది ఒక రోజులో వాడకపోతే పారవేయవలసిందే. పోయిన నెల రెండో మార్కు రాకముందే ఆమె కరిగించిన నాలుగు సంచులు అలాగే పోయాయి. పెద్ద డాక్టరు మెమో ఇచ్చి, ఇంకోసారి జరిగితే స్టోర్సుకు మారుస్తానన్నారు.

"ఆ ఒక్క మార్కు దేనికి?"

"స్కానుకి. బీపీ నూట నాలుగు, నాడి ఎనభై రెండు. బానే మాట్లాడుతున్నాడక్కా."

"చేతులు?"

"చల్లగా ఉన్నాయి. చెమట కూడా."

ఎనభై రెండు ఆమెకు మింగుడుపడలేదు. లోపల రక్తం పోతుంటే గుండె పరుగెత్తాలి. అత్తగారు గుర్తుకు వచ్చింది. లిఫ్టు చెడిన రోజున మూడంతస్తులెక్కి, గుమ్మం పట్టుకుని రొప్పుతున్న ఆవిడ నాడి లెక్కపెడితే డెబ్బై ఆరు. "చూశావా, నా గుండె నీకంటే పడుచుది" అని మురిసిపోయింది. "గుండె గొప్ప కాదత్తయ్యా, పొద్దున వేసుకున్న మాత్రది" అని కోడలు చెప్పవలసి వచ్చింది. రక్తపోటుకిచ్చే ఆ మాత్ర గుండెను వేగం పుంజుకోనివ్వదు.

"ఆయన బీపీ మాత్రలేవైనా వాడతాడేమో, ఇంట్లోవాళ్లనడుగు."

"డాక్టరుగారు అడగమనలేదే."

"నేను అడగమంటున్నాగా. ఫోను పెట్టెయ్యకు."

రెండు నిమిషాలకు నర్సు తిరిగి వచ్చింది. "బయట భార్య ఉందక్కా. సంచీ అంతా బోర్లించి మాత్రల అట్ట తీసిచ్చింది." పేరు చదివింది.

"మళ్లీ చదువు."

"ఇప్పుడేగా చదివా."

"ఇంకోసారి."

చదివింది. అత్తగారి మాత్రే.

"డాక్టరుగారికి చెప్పు, ఈ మాత్ర మీదున్న మనిషి నాడిని నమ్మొద్దని. నేను కరిగిస్తున్నా."

"ఒక్క మార్కుకా? మళ్లీ మెమో వస్తే?"

"వస్తే మొదటిదానికి తోడుంటుంది. నువ్వెళ్లు."

10 గంటల 49 నిమిషాలకు నాలుగు ప్లాస్మా సంచులను ముప్ఫై ఏడు డిగ్రీల నీటిలోకి దించింది. అప్పుడు గాని ఆమెకు స్టోర్సు గుర్తుకు రాలేదు. స్టోర్సంటే అట్టపెట్టెలు, దూది కట్టలు, ఉద్యోగమింకా ఆరేళ్లుంది.

11 గంటల 8 నిమిషాలకు మళ్లీ ఫోను. బీపీ డెబ్బై ఎనిమిదికి పడిపోయి రెండో మార్కు వచ్చింది, ఆపరేషనుకు తీసుకెళుతున్నారు. 11 గంటల 19 నిమిషాలకు ప్లాస్మా సిద్ధమైంది. పగిలిన ప్లీహాన్ని తీసివేశారు. మర్నాడు గొంతులోని గొట్టం తీయగానే అతడు అడిగిన మొదటి మాట, తన బ్రష్షులు ఎవరైనా కడిగారా అని.

పదో తేదీ మధ్యాహ్నం పెద్ద డాక్టరు రిజిస్టరు తెప్పించారు.

"ఒక్క మార్కుకే కరిగించావు."

"అవును సార్."

"ఎన్ని పారేశావు?"

"ఒక్కటీ లేదు సార్."

ఆయన ఆ పేజీని చివరిదాకా చూశారు. "మెమో లేదులే. గోడ మీది కాగితంలో మాత్రల గురించి కూడా ఒక వరుస రాయించు. ఈ చివరి గడి ఖాళీగా ఉంది, నింపేసి వెళ్లు."

చివరి గడి, ఒక రోజులో ఎక్కించిన రక్తం సంచులది. పదో అంతకు మించో ఉంటే అంచనా ఆమెది నిజమైనట్టు. తగ్గితే, మొదట ఒక్క మార్కే ఇచ్చిన గోడ మీది కాగితానిది. ఆమె కలం తీసుకుని రాసింది.

9.